బెత్తం, ఫోను, అయిదు నిమిషాలు

చెన్నైలోని ఒక తెలుగు కాలనీలో ప్రార్థన కూడిక ముగిసింది. అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే ఒక చెల్లెమ్మ మాత్రం ఆగింది. కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య పని చేస్తుంది. ఫోను నా చేతికిచ్చి, "అన్నా, మా ఆడబిడ్డ ఏదో యాప్ పెట్టిచ్చింది. పిల్లల్ని ఎట్లా పెంచాలో చెప్తాదంట. ఏం రాసుందో చదివి చెప్పన్నా" అంది.

తెర మీద ఉన్నది తెలుగే. ఈ రోజు మీ బిడ్డతో అయిదు నిమిషాలు గడిపారా అని ఒక ప్రశ్న. కింద రెండు గళ్లు: అవును, ఇంకా లేదు. ఆమె పుట్టి పెరిగిన ఇంట్లో తెలుగే మాట్లాడతారు. చదివింది మాత్రం తమిళ బడిలో, అయిదో తరగతి దాకా. తెలుగు అక్షరం రాదు. పన్నెండేళ్ల కొడుక్కి తమిళం, ఇంగ్లీషు చదవడం వచ్చు, తెలుగు రాదు. ఆ ఇంటి కోసం తెలుగులో తయారైన యాప్‌ను ఆ ఇంట్లో ఎవరూ చదవలేరు.

చదివి చెప్పాను. నవ్వింది. "పొద్దున ఆరుకంతా పనిలో ఉండాల. నేను పోయేటప్పటికి వాడు నిద్రలో ఉంటాడు. నేను పడుకునేటప్పటికి వీధిలో ఉంటాడు. ఆ అయిదు నిమిషాలు ఎక్కడినుంచి తేవాలన్నా?"

ఈ నెల సంపాదకీయానికి వేరే విషయం అనుకున్నాం. ఈ ప్రశ్న వదలలేదు.

పిల్లల పెంపకం మీద సలహాలకు మనకు కొదవ లేదు. యూట్యూబ్‌లో దొరుకుతాయి, ప్రసంగంలో దొరుకుతాయి, పెళ్లి బస్సులో పక్క సీటు పెద్దమ్మ నోట ఊరికే వస్తాయి. ఇప్పుడు ఫోన్లలోకి వస్తున్న యాప్‌లలో మంచివి చేయాలనుకునేది సలహా ఇవ్వడం కాదు, సాధన చేయించడం. హార్మోనియం గురించి ఎంత విన్నా వాయించడం రాదు. రోజూ మెట్ల మీద వేళ్లు ఆడించాలి. ఈ యాప్‌ల పద్ధతీ అదే. వారానికో పాఠం. బొమ్మలతో ఒక చిన్న కథ: తండ్రి ఇంటికొస్తాడు, కూతురు తల ఎత్తదు, అతను అరుస్తాడు. అదే సన్నివేశం మళ్లీ వస్తుంది, ఈసారి వేరుగా జరుగుతుంది. ఆ తర్వాత ఇంట్లో చేయాల్సిన ఒకే ఒక పని. ఒకటి రెండు రోజులకు ఫోను అడుగుతుంది: చేశారా, ఎలా జరిగింది, చేయలేకపోతే ఏం అడ్డొచ్చింది?

ఆ పనులన్నీ చిన్నవే. బిడ్డకు నచ్చిన పనేదో బిడ్డతో కలిసి కాసేపు చేయడం. మంచి చేసినప్పుడు "శభాష్" అని ఊరుకోకుండా ఏం చేసినందుకు మెచ్చుకుంటున్నామో చెప్పడం. "సరిగ్గా ఉండు" అనకుండా "సంచి గోడ పక్కన పెట్టు" అని చేయగలిగిన మాట చెప్పడం. కోపం వచ్చినప్పుడు చేయి లేచే ముందే ఆగి ఊపిరి తీసుకోవడం. చివరిది వినడానికి తేలిక. పదిగంటలు ఒళ్లు హూనం చేసుకుని వచ్చిన మనిషికి అదే అన్నిటికన్నా కష్టం. అందుకే సాధన కావాలంటారు.

ఈ పద్ధతి ఫోన్లో పుట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ఆక్స్‌ఫర్డ్, కేప్‌టౌన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి 2012లో 'పేరెంటింగ్ ఫర్ లైఫ్‌లాంగ్ హెల్త్' అనే ప్రయత్నం మొదలుపెట్టారు. పేద దేశాల్లోని తల్లిదండ్రుల కోసం, లాభం చూసుకోకుండా, అందరికీ ఉచితంగా. పెంపక శిక్షణ కార్యక్రమాలు సంపన్న దేశాల్లో అప్పటికే ఉన్నాయి కాని వాటిని కొనుక్కోవాలి, అది ఖరీదైన వ్యవహారం. ఈ ప్రయత్నంలో భాగంగా దక్షిణాఫ్రికాలోని తూర్పు కేప్ రాష్ట్రంలో 'సినోవుయో' అనే కార్యక్రమం నడిపారు. ఖోసా భాషలో ఆ మాటకు మనకు సంతోషం ఉంది అని అర్థం.

తూర్పు కేప్ గురించి చదువుతుంటే కోలార్ బంగారు గనుల పాఠకులు గుర్తొస్తారు. ఆ నేల మీది మగవాళ్లు తరాల తరబడి జొహానెస్‌బర్గ్ వైపు బంగారు గనులకు పోయారు. ఇళ్లలో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు మిగిలారు. తర్వాత ఎయిడ్స్ వచ్చి మధ్య తరాన్ని తీసుకుపోయింది. మనవలను సాకే అవ్వల ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటి చోట 40 ఊళ్లు, బస్తీలలో 552 కుటుంబాలతో ఈ పరీక్ష జరిగింది. ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. పధ్నాలుగు వారాలు, వారానికొక కూడిక. నడిపింది శిక్షణ పొందిన స్థానికులు. పెద్దవాళ్లూ, యవ్వనంలోకి వస్తున్న పిల్లలూ ఇద్దరూ వచ్చారు. రాలేకపోయిన వారి ఇంటికి వెళ్లి ఆ వారం పాఠం చెప్పారు. పాఠాలలో కోపం గురించే కాదు, ఇంటి డబ్బు లెక్క గురించి, పొదుపు గురించి కూడా ఉంది. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

కార్యక్రమం అయిపోయిన అయిదు నుంచి తొమ్మిది నెలల తర్వాత అడిగితే, ఈ కూడికలకు వచ్చిన పెద్దవాళ్లు రాని వాళ్లతో పోలిస్తే పిల్లలను కొట్టడం, హింసించడం దాదాపు సగానికి తగ్గినట్టు చెప్పారు. వాళ్ల మానసిక ఒత్తిడి తగ్గింది. కుటుంబాల ఆర్థిక పరిస్థితి కొంత మెరుగుపడింది. పిల్లల్లో మద్యం, మత్తు వాడకం తగ్గింది. ఇక్కడిదాకా చదివి చప్పట్లు కొట్టవచ్చు. కాని అదే నివేదికలో ఇంకొకటి ఉంది. దెబ్బల విషయం పిల్లలను విడిగా అడిగినప్పుడు వాళ్ల జవాబుల్లో అంత స్పష్టమైన తేడా తేలలేదు.

దీనికి కారణాలు ఎన్నయినా ఉండొచ్చు. పెద్దవాళ్లు నేర్చుకున్న పాఠానికి తగ్గట్టు జవాబు చెప్పి ఉండొచ్చు. తగ్గిన దెబ్బ కూడా పిల్లలకు దెబ్బగానే గుర్తుండి ఉండొచ్చు. ఏదైనా, ఆ పరిశోధకులు పిల్లలను కూడా అడిగారు, వచ్చిన జవాబును దాచకుండా అచ్చు వేశారు. ఈ నిజాయితీ మనకు కావాలి. ఎందుకంటే ఫోన్లోని యాప్ అడిగేది తల్లిదండ్రులనే. "అవును" గడి నొక్కేదీ వాళ్లే. మన సంఘాల్లో సాక్ష్యాలు చెప్పేదీ పెద్దవాళ్లే.

2020లో కోవిడ్ వచ్చి కూడికలు ఆగిపోయినప్పుడు ఈ బృందమే ఒక్క పేజీ చిట్కాల పత్రాలు తయారుచేసింది. అవి వందకు పైగా భాషల్లోకి వెళ్లాయి. అక్కడినుంచి ఫోన్ల వైపు నడక వేగమైంది. వాళ్ల 'పేరెంట్‌యాప్' పన్నెండు వారాల పాఠాలతో తయారైంది. ఒకసారి ఫోన్లోకి ఎక్కించుకుంటే తర్వాత డేటా లేకపోయినా నడుస్తుంది. ఇది చిన్న విషయం కాదు, నెల చివర రీచార్జి అయిపోయిన ఇంట్లో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. టాంజానియాలోని మ్వాంజా ప్రాంతంలో 80 చోట్ల 2,400 మంది పెద్దవాళ్లు, వాళ్ల ఇళ్లలోని 10 నుంచి 17 ఏళ్ల పిల్లలతో దాన్ని పరీక్షకు పెట్టారు. అంతకుముందు అక్కడే ఒక ఉపయోగకరమైన ప్రశ్న వేసుకున్నారు: మనిషిని యాప్‌తో ఒంటరిగా వదిలేయాలా, లేక ఎవరో ఒకరు నడిపించే వాట్సాప్ గ్రూపు తోడివ్వాలా? ఫోను వాడటం ముందు నేర్పాలా, వద్దా? యాప్ తయారుచేసిన వాళ్లకే యాప్ ఒక్కటే సరిపోతుందన్న ధీమా లేదన్నమాట. మనకెందుకుండాలి?

ఇక మన ఇళ్ల సంగతి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి ఒక నివేదిక తెచ్చింది. ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర కూడా అందులో ఉన్నాయి. ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తిన్నవారే. కుటుంబంలో దెబ్బలు తిన్నవారిలో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులు. రెండేళ్లకు, 2009లో, విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో బెత్తాన్ని నిషేధించింది. ఇంటికి అలాంటి చట్టం లేదు. బడిలో పంతులు కొడితే ఫిర్యాదు చేయడానికి పరుగెత్తే తండ్రే ఇంట్లో బెల్టు తీస్తాడు. ఇది పేదవాళ్ల అలవాటనుకోకండి. ఫ్లాట్లలో తలుపులు మందంగా ఉంటాయి కాబట్టి వినబడదు, అంతే.

విశ్వాసుల ఇళ్లలో దీనికి ఒక వచనం తోడు వస్తుంది. సామెతలు 13:24 తెలియని తండ్రి మనలో ఉండడు. ఎఫెసీ 6:4లో తండ్రులకే చెప్పిన మాట, పిల్లలకు కోపం పుట్టించవద్దన్నది, మాత్రం అంత కంఠతా ఉండదు. ఇంకొక సంగతి. సామెతల్లో మన తెలుగు బైబిలు బెత్తము అన్న చోట ఉన్న హెబ్రీ మాట షేవెత్. ఇరవై మూడో కీర్తనలో కాపరి చేతిలో ఉండి గొర్రెకు ధైర్యాన్నిచ్చే కర్ర కూడా అదే షేవెత్. అక్కడ మనవాళ్లు దుడ్డుకర్ర అన్నారు. ఒకే మాట ఒకచోట ఆదరణ, ఇంకొకచోట వీపు మీద వాత అయింది. ఈ సంగతి మీ సంఘంలో కాపరిగారితో కలిసి చదవండి, వాదించండి. ఏ యాప్ ఈ పని చేయలేదు. కొట్టడం దేవుడు చెప్పిన పనే అని నమ్మే తండ్రికి, ఆగి ఊపిరి తీసుకోమని ఫోను చెబితే వింటాడా?

అసలు ఆ ఫోను ఎవరి చేతిలో ఉంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సొంతానికి వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతం. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవారు 33 శాతం. ఆ తర్వాత పెరిగి ఉంటుంది. అయినా చాలా ఇళ్లలో మంచి ఫోను నాన్నది, లేదా చదువు పేరుతో కొడుకుది. కొడుకు చేతిలోని ఫోనుకు రాత్రి తొమ్మిదింటికి "మీ కొడుకును ఈ రోజు మెచ్చుకున్నారా" అని సందేశం వస్తుంది. నవ్వొస్తుంది కాని ఇది జరిగేదే.

పైగా మన భాష సంగతి వేరు. యానాంలో ఈ చిక్కు తక్కువ, తెలుగు బడిలోనే ఉంది. బరంపురం, రాయగడలో పెరిగిన పిల్లకు ఇంట్లో తెలుగు, పలక మీద ఒడియా. బెంగళూరు, కోలారులో కన్నడ. సోలాపూర్‌లో మరాఠీ. మన మాట నోట్లో ఉంది, అక్షరం జారిపోయింది. కాబట్టి తెలుగులో యాప్ వచ్చింది అని ఎవరైనా సంతోషంగా చెప్తే, చదవాలా, వినాలా అని ముందు అడగండి. వినేదైతే అది ఏ తెలుగు అని కూడా అడగండి. టీవీ వార్తల తెలుగులో "మీ చిన్నారితో గుణాత్మక సమయం గడపండి" అని చెబితే సోలాపూర్ అమ్మకు అది మరాఠీ కన్నా దూరంగా ఉంటుంది.

ఇంకో చిన్న జాగ్రత్త. "ఈ రోజు బిడ్డను కొట్టాను" అని ఒక తల్లి ఫోన్లో నొక్కితే, ఆ మాట ఎక్కడికి పోతుంది, ఎవరు దాచుకుంటారు? 2023లో మన దేశానికి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పిల్లల వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చట్టం ఉంది సరే, అమ్మకు యాప్ పెట్టిచ్చే పిల్లలు ఆ అనుమతుల పేజీని చదవకుండా నొక్కేయకూడదు. పేరు, ఫోటో, ఫోన్లోని నంబర్లు అడిగే యాప్‌కు పెంపకంతో ఏం పని?

ఇప్పుడు చెల్లెమ్మ వేసిన ప్రశ్నకు వస్తాను. న్యాయం గురించి మాట్లాడే సంస్థగా మనలో కొందరికి ఈ యాప్‌లంటేనే అనుమానం. నాకూ ఉంది. కోలార్ గనులు 2001లో మూతపడ్డాక ఆ ఊరి మనుషులు తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, చీకటి పడ్డాక తిరిగొస్తున్నారు. సోలాపూర్‌లో తెలుగు ఆడవాళ్లు ఇంట్లోనే కూర్చుని వెయ్యికింత చొప్పున బీడీలు చుడతారు. ఇంట్లోనే ఉంటారు కాబట్టి బిడ్డకు సమయం ఉందనుకుంటే పొరపాటు, చేతులు ఆగితే కూలి ఆగుతుంది. వీళ్లకు ఎనిమిది గంటల పని, సరైన కూలి, దగ్గర్లో పనిచేసే అంగన్‌వాడీ ఇవ్వకుండా, అయిదు నిమిషాలు గడిపారా అని ఫోను చేత అడిగించడం అవమానంగానే ఉంటుంది. ప్రభుత్వాలకు ఇది చౌక. ఒక యాప్ విడుదల చేసి ఫోటో దిగితే పెంపకం బాధ్యత మొత్తం తల్లి మీదికి తోసేసినట్టే.

ఇంతవరకు ఆ అనుమానం సరైనదే. కాని దాన్ని ఇంకొంచెం లాగి, ముందు న్యాయం రానీ, తర్వాత కొట్టడం మానేద్దాం అనే దాకా పోతే నేను ఒప్పుకోను. మేస్త్రీ తిట్టిన తిట్టు సాయంత్రానికి కొడుకు చెంప మీద పడుతుంది. దానికి కారణం మేస్త్రీయే అని మనం వ్యాసం రాయగలం. ఆ చెంప ఎనిమిదేళ్ల పిల్లాడిది, వాడు మన వ్యాసం చదవడు. సినోవుయోలో పొదుపు పాఠం పెట్టినవాళ్లు ఈ రెండిటినీ విడదీయలేదు. అప్పు ఒత్తిడి తగ్గితే చేయి లేవడం తగ్గుతుందని వాళ్లకు తెలుసు. మన స్వయం సహాయక గ్రూపుల్లో అప్పు లెక్కలు చూసే రోజునే ఒక పెంపకం పాఠం వినిపించడానికి మనకు అడ్డేముంది?

యువకులారా, యువతులారా, ఇది మీరు చేయగలిగిన పని. కొత్త యాప్ తయారుచేయమనడం లేదు, ఉన్నవే ఎక్కువ. ఉచితంగా దొరికే మంచి పాఠాలను తీసుకుని మీ ఇంటి తెలుగులో చెప్పి రికార్డు చేయండి. కోలారు తెలుగులో, బరంపురం తెలుగులో, ముంబయి కామాఠీల తెలుగులో. రెండు నిమిషాలకు మించకుండా. నాలుగైదు కుటుంబాలు చాలు, పన్నెండు వారాలు. వారానికొకసారి సందేశం పంపి ఊరుకోకుండా ఆ ఇంటికి వెళ్లి కూర్చోండి. ఎలా జరిగిందని అడగండి. జరగలేదంటే ఎందుకు జరగలేదో వినండి, బోధించకండి. మీకు పెళ్లి కూడా కాలేదు, పెంపకం మీద ప్రసంగం చేస్తే తలుపు వేసేస్తారు.

పిల్లలను కూడా అడగండి. తల్లిదండ్రులు లేనప్పుడు, వాళ్లకు నమ్మకమున్న సండే స్కూలు టీచరు చేత. ఇంట్లో ఏమైనా మారిందా అన్న ఒక్క ప్రశ్న చాలు. పిల్ల ఏదైనా తీవ్రమైన సంగతి చెబితే దాన్ని సంఘం పరువు కోసం మూసిపెట్టవద్దు. 1098 పిల్లల సహాయ నంబరు దేశమంతా పనిచేస్తుంది. ఆ నంబరు తెలియకుండా ఈ పని మొదలుపెట్టకండి.

ఆ చెల్లెమ్మకు నేనే మూడు పాఠాలు రికార్డు చేసి పంపాను. నా గొంతు గొప్పదేం కాదు. పనికి పోయే బస్సులో వింటానంది. అయిదు నిమిషాలు ఎక్కడ దొరికాయని తర్వాత అడిగాను. ఆదివారం చేపలు కడిగేటప్పుడు కొడుకును పక్కన కూర్చోబెట్టుకుందట. వాడు చేపల గురించి ఏవేవో చెప్పాడట, తనకు తెలియనివి. వారానికి ఒక్కసారే కుదిరింది. రోజూ అని రాసుంది కదన్నా, తప్పేమో అని భయపడింది.

ఆ తర్వాత ఇంకొకటి అడిగింది, దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. సినోవుయో కూడికలకు కూడా వచ్చింది ఎక్కువగా ఆడవాళ్లే. మన ఉజ్జీవ కూడికల ముందు వరుసల్లోనూ అంతే. "నేను విన్నాను సరే. కొట్టేది ఎక్కువ ఆయనే. ఆయన ఫోన్లోకి ఇది ఎట్లా పంపాలన్నా?" అంది. మీ సంఘాల్లోని పురుషుల కూడికలో ఈ ప్రశ్న పెట్టి, వాళ్లు ఏమన్నారో మాకు రాయండి. వచ్చిన ఉత్తరాలను పేర్లు లేకుండా వచ్చే సంచికలో వేస్తాం.